డాక్టరమ్మ అతికిన గింజంత పన్ను

మానుకోటలో మా చెల్లె ఇంటి అరుగు మీద కూర్చుని, వాన చూస్తూ, కాల్చిన మక్క కంకి తింటున్నాను. ఒక గింజ నమలబడకుండా నోట్లో మొరాయించింది. తీసి చూశాను. తెల్లగా, బియ్యపు నూకంత ఉంది. మక్క గింజ కాదు. నాలుకతో తడిమితే ముందు పన్ను మూల ఖాళీగా తగిలింది.

నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది సంతోషం. "ఇది పలిగితే ఇంకెక్కడికి పోకు సేటూ, నాకే ఫోన్ చెయ్యి" అని చెప్పి మా జనగామ విడిచి భూపాలపల్లికి వెళ్లిపోయిన పళ్ల డాక్టరు ఒకామె ఉంది. ఇన్నేళ్లూ ఆ పన్ను విరగనూ లేదు, నేను ఫోన్ చేయనూ లేదు. పని లేకుండా ఫోన్ చేసే అలవాటు దుకాణదారుల ఇళ్లలో ఉండదు. ఇప్పుడు పని దొరికింది. ఏ మాటతో బేరం మొదలుపెట్టాలో కూడా మనసులో కూర్చుకుని ఫోన్ చేశాను.

మగగొంతు పలికింది. ఆమె తమ్ముడట.

"అక్కనా? అక్క పోయింది కదన్నా, ఎండకాలంలనే. మీరెవలు?"

"జనగామ నుంచి. బట్టల దుకాణం."

"అక్క పెంకల మీదికి ఎక్కిన దుకాణం మీదేనా?" అన్నాడు. గొంతులో నవ్వు లాంటిది కదిలింది. "ఆ సేటు పన్ను ఉన్నదో ఊడిందో అని యాది చేసేది. ఉన్నదా అన్నా?"

నూకంత ముక్క నా అరచేతిలో ఉంది. మిగతాది నోట్లో ఉంది. "ఉన్నది" అన్నాను.

చెల్లె వాళ్ల వీధి చివరే పళ్ల దవాఖాన. డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. చిన్న అద్దం పెట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎవరు చేసిన్రు సార్?"

"ఎందుకు?"

"మూల పోయింది గని మిగిలింది గట్టిగ పట్టుకునే ఉన్నది. మీ పన్ను యాడికి అయిపోయిందో, అతికింది యాడ మొదలైందో దగ్గర పెట్టి చూస్తే గని తెలుస్తలేదు." తర్వాత తను చేయగలిగినవి చెప్పాడు. పాతదంతా చెక్కేసి పన్ను ముందు వైపు పింగాణి పొర అతికిస్తే ఏళ్లకేళ్లు ఆగుతుంది. లేదా పాతది తీసి అదే రకం ముద్దతో మళ్లీ కట్టవచ్చు. పాతదాన్ని ఉంచి, పోయిన మూల మాత్రం దాని పక్కన అతికించడమూ ఉంది, కాని గీత కనబడవచ్చు, రంగు కలవకపోవచ్చు, మళ్లీ పలగవచ్చు. "నా మాట వింటే పాతది తీసేసుడే మంచిది సార్."

కుర్చీలోంచి దిగిపోయాను. ఆమెది నా దగ్గర ఫొటో లేదు. మా దుకాణం మీద ఆమె పళ్లు చూసిన గదిలో ఇప్పుడు మా సరుకు మూటలు ఉన్నాయి. ఆమె చేత్తో చేసినది, నా దగ్గర మిగిలినది, ఈ పన్ను మీది గింజంత ముక్క ఒక్కటే. దాన్ని చెక్కి నీళ్లతో పాటు ఊసేయమంటున్నాడు ఈ మంచి అబ్బాయి.

"రేపొచ్చి చెప్త" అన్నాను, చీర నచ్చినా నచ్చనట్టు మెట్లు దిగే ఆడవాళ్లలాగా.

"రేటు చూసి చేస్తం సార్" అన్నాడు వెనక నుంచి. నేను అడగకుండానే ధర తగ్గడం నా జీవితంలో అదే మొదలు. దానికి సంబరపడే స్థితిలో కూడా లేకపోయాను.

*

మా బజారులో ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు. డాక్టరమ్మ అంటే చాలు. నేనూ అలాగే రాస్తాను.

పొట్టి మనిషి. చీర మీద తెల్లకోటు, కాళ్లకు మగవాళ్ల రబ్బరు చెప్పులు. వారంలో కొన్నాళ్లు జనగామలో మా దుకాణం మీది గదిలో, కొన్నాళ్లు మానుకోటలో పళ్లు చూసేది. ఆదివారానికి భూపాలపల్లి, సొంత ఇంటికి. ఎవరు ఎదురైనా ముందు నోటిని చూసేది, తర్వాతే కళ్లను. ముఖాలు ఆమెకు గుర్తుండేవి కావు. బజారులో మనం నమస్తే పెడితే ఎవరో అన్నట్టు తల ఊపి పోయేది. అదే మనం నవ్వితే ఆగిపోయి, "ఓ, నువ్వా?" అనేది.

గది కిరాయికి ఇచ్చేటప్పుడు నేను పూర్తి సన్నాహంతో కూర్చున్నాను. ఎంత చెప్పాలో, ఎంతకు దిగాలో, మధ్యలో ఎప్పుడు చాయ్ తెప్పించాలో కూడా అనుకున్నాను. ఆమె గదంతా ఒకసారి తిరిగింది. వెనక కిటికీకి అడ్డంగా మా అట్టపెట్టెలు పైదాకా పేర్చి ఉన్నాయి.

"కిరాయి నువ్వు చెప్పిందే, సేటూ. గా డబ్బాలు తీసెయ్యాలె."

"గవి యాడ పెట్టాలె డాక్టరమ్మా? సరుకు."

"నాక్కూడ గా వెలుతురే సరుకు."

అడిగిన కిరాయికి ఒప్పుకున్న మనిషిని చూస్తే నాకు భయం. ఎక్కడో మోసపోయాననే అనిపిస్తుంది. ఆ రోజంతా నా బేరంలో లోపం ఎక్కడుందా అని వెతుక్కుంటూనే పెట్టెలు మోశాను.

నా పన్ను పలిగింది సుతిలి ముడి వల్ల. సరుకు మూటలకు కట్టి వచ్చే సుతిలి తాడును కత్తెరతో కోయడం మా ఇంట్లో నిషేధం. ముడి విప్పాలి, తాడు చుట్టి దాచాలి, ఎప్పుడో పనికొస్తుంది. మా బాపు నుంచి నాకు దుకాణంతో పాటు ఈ నియమమూ వచ్చింది. ముడి మరీ బిగుసుకుంటే పళ్లతో లాగాలి. అలా లాగినప్పుడే ముందు పన్ను సగం దగ్గర ఏటవాలుగా తెగి ఒళ్లో పడింది. ముడి మాత్రం విడిపోయింది. ఆ తాడు ఇంకా మా దుకాణంలోనే ఉంది, ఎప్పుడో పనికొస్తుందని.

పైకి వెళ్లాను. ఆమె పన్ను చూసింది, వేలితో మెల్లగా తట్టింది, చల్లటి నీళ్లు పట్టి జివ్వుమంటుందా అని అడిగింది.

"నరం దాక పోలే. నీ నసీబు మంచిగుంది. ముక్క ఏది?"

"ఏ ముక్క?"

"పలిగిన ముక్క, సేటూ. పాలల్లనో, నీళ్లల్లనో ఏసి తేవాలె. మంచిగుంటే గదే అతికిస్త. నీ సొంత పన్ను నీకు వాపసొస్తది. గంతకన్న అగ్గువ ఏముంటది నీకు?"

పరుగున కిందికి దిగాను. ఇంట్లో అమ్మను అడిగాను. ముక్కను ఆమె చేతికే ఇచ్చి పైకి వెళ్లాను మరి.

"ఆవు పెండల పెట్టి ఇంటి మీదికి ఏసిన" అంది అమ్మ.

"ఎందుకేసినవ్?"

"పన్ను ఊడితే ఏం చేస్తరురా? ఇంటి మీద ఎయ్యరా? కొత్తది రావద్దా?"

"నాకు నలభై ఏండ్లమ్మా."

"అయితేంది? పన్ను పన్నే గదా."

మా ఇంట్లో చిన్నప్పుడు ఊడిన ప్రతి పన్నూ పిడికెడు పెండలో పెట్టుకుని ఆ గూనపెంకల కప్పు మీదికి ఎక్కింది. నాది, చెల్లెది, అంతకు ముందు బాపుది. అమ్మ దృష్టిలో ఆ కప్పు పళ్లిచ్చే దేవుడు. నా వయసుతో దానికి పని లేదు.

నేను తల దించుకుని పైకి వచ్చి జరిగింది చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. దుకాణం వెనకాల మా ఇల్లు. కిటికీ కిందే మొదలవుతుంది పెంకల కప్పు. ఆమె చెప్పులు విడిచింది, కొంగు నడుముకు దోపింది, కిటికీ గడప దాటి పెంకల మీద కాలు పెట్టింది.

"డాక్టరమ్మా, పెంకలు పలుగుతయి" అని కింద నుంచి అమ్మ.

"పలిగితే గవి గూడ అతికిస్త, అవ్వా."

మధ్యాహ్నపు ఎండ. తెల్లకోటు వేసుకున్న ఒక పొట్టి మనిషి మా ఇంటి మీద వంగి, ఒక్కొక్క పెంక సందులో వేలు పెట్టి, నా పన్ను వెతుకుతోంది. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్నామె చేతిలోని చీర మరచిపోయి చూస్తోంది. స్టేషను వైపు నుంచి రైలు కూత. నాకు ఇప్పటికీ ఆ దృశ్యం కలలోకి వచ్చినట్టే గుర్తుకు వస్తుంది. అందులో ఆమె అడుగులకు చప్పుడు ఉండదు. పెంకలు ఒక్కటీ కదలవు.

ముక్క దొరకలేదు. ఎండిన పెండ పొడి దొరికింది, ఈకలు రాలిన షటిల్ బంతి ఒకటి దొరికింది. చివరికి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని కిటికీ దాకా వచ్చింది. అది పాలపన్ను. జొన్న గింజంత. ఎన్ని వానలకు తడిసి ఏ సందులో ఇరుక్కుందో.

"ఇది ఎవలది?"

"నాది కావొచ్చు. చెల్లెది కావొచ్చు."

దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. మా షోకేసులోని బంగారం కొంగు చీరను కూడా ఎవరూ అంత మురిపెంగా చూడలేదు. మళ్లీ వెనక్కి నడిచి తీసిన చోటే పెట్టి వచ్చింది.

"ఉంచుకోవచ్చు గద?" అన్నాను.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని మీ దుకాణంల బోర్డు లేదా సేటూ? ఇంటికిచ్చింది ఇంటికే."

తర్వాత కుర్చీలో పడుకోబెట్టి నా బట్టల భాషలోనే చెప్పింది. "అంచు గీసుకపోతే ఇగ నున్నగ రాకి ఇడిశిపెడుతం. నీకు గంతతోని కాదు. రఫూ చేయొచ్చు, పన్ను రంగు ముద్ద పెట్టి. అస్తరు ఏయొచ్చు, ముంగట పక్క పింగాణి పొర. మొత్తం పోతే టోపీ కుట్టాలె, గది నీకు ఇప్పుడు అక్కర లేదు, మస్తు పన్ను చెక్కాల్సొస్తది. నరం బయటపడితే ఏరు దాక సాఫ్ చేసి అప్పుడు టోపీ. నీకైతే రఫూ చాలు. గని రఫూ రఫూనే. సుతిలి గిట్ల కొరికితే ఊడొస్తది."

నేను ధర మీద నోరు తెరిచాను. తెరిచిన నోట్లో దూది పెట్టింది. పెదవి కింద ఒకటి, చెంప లోపల ఒకటి. ఆమె పద్ధతి అదేనని తర్వాత తెలిసింది. దూది పెట్టాకే కబుర్లు మొదలుపెడుతుంది. ప్రశ్న అడుగుతుంది, జవాబూ తనే చెప్పుకుంటుంది.

"‘జర సూసి తీసుకో డాక్టరమ్మా’ అంటవ్. ‘సూసే చెప్పిన సేటూ’ అంట. ‘పక్క బజార్ల తక్కువకే చేస్తున్రు’ అంటవ్. ‘పో మరి’ అంట. నువ్వు మెట్లు దిగుతవ్. నేను పిల్వ. సగం మెట్ల మీద నిలబడి చెప్పు సరిచేసుకుంటున్నట్టు చేస్తవ్. అప్పుడు గూడ పిల్వ."

నేను గొంతులో ఏదో చప్పుడు చేశాను.

"ఒప్పుకున్నవ్. మంచిది" అంది.

బట్టల వ్యాపారంలో పుట్టి పెరిగినవాణ్ణి. సూరత్ ఏజెంట్లను ఏడిపించినవాణ్ణి. నా తరఫున కూడా వేరేవాళ్లే బేరమాడగా ఓడిపోయింది అక్కడొక్కచోటే.

రంగు చూసేముందు నన్ను లేపి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. చిన్న చిన్న పింగాణి పళ్లు వరుసగా గుచ్చిన పట్టీ ఒకటి నా పంటి పక్కన పెట్టి, కళ్లు చిన్నవి చేసి చూసింది. "ట్యూబులైటు కింద రంగు నిజం చెప్పది." మా దుకాణం మొత్తం ఆ సత్యం మీదే నడుస్తోంది. జాకెట్టు గుడ్డ పట్టుకుని వెలుతురులోకి పోతామనే ఆడవాళ్లను మాటల్లో పెట్టి ఆపడమే మా విద్య. అట్టపెట్టెలు ఎందుకు తీయించిందో అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత చాలాసేపు నేను ఎక్కడున్నానో నాకే సరిగా తెలియదు. లవంగ నూనె వాసన. తిరిగీ తిరగనట్టు తిరిగే ఫ్యాను. కింద మా దుకాణంలో ఎవరో గుడ్డ తాను చింపుతున్న సర్రుమనే చప్పుడు చాలా దూరం నుంచి వస్తున్నట్టు ఉంది. నారింజ రంగు అద్దం అడ్డం పెట్టి నీలం వెలుగు పన్ను మీదికి పట్టేది. కొంచెం ముద్ద, కొంచెం వెలుగు. మళ్లీ కొంచెం ముద్ద. ఆ నీలంలో నేను చెరువు అడుగున పడుకున్నట్టు, పైన ఎవరో నీళ్ల మీద నెమ్మదిగా ఏదో రాస్తున్నట్టు ఉండేది. ఆమె ఏదో కూనిరాగం తీసేది. అది పాట కాదు, లెక్క కాదు, ఉత్త చప్పుడు.

చివరికి పల్చటి నీలం కాగితం కొరకమంది. "టక్ టక్ కొట్టు. ఎత్తు తగుల్తుందా?" గీసింది. మళ్లీ కొరికించింది. తర్వాత నా చేతికి అద్దం ఇచ్చి, తను కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"మీరు చూడరా డాక్టరమ్మా?"

"పన్ను నేను చూసిన. నవ్వు నువ్వు చూసుకో."

ఎవరికైనా అంతే చేసేదట. పని అయ్యాక మొదటి నవ్వు ఆమె చూసేది కాదు. అది ఎవరిది వాళ్లు చూసుకోవాలి.

*

ఇంకొకసారి మానుకోట పోయే రైలులో ఎదురుపడింది. నేను నవ్వాక గుర్తుపట్టింది, అదీ ముందు పన్నును. పల్లికాయ పొట్లం ముందు పెట్టింది. మాకు ఎదురుగా తండాకు చెందిన ఆడవాళ్లు కొందరు కూర్చుని తమ భాషలో మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో ఒకామె ఏదో చెప్పి, తనే ముందు తల వెనక్కి వేసి, నోరంతా తెరిచి నవ్వింది. డాక్టరమ్మ చేతిలో పల్లికాయ ఒలవకుండా ఆగిపోయింది.

"గా ముంగటి పన్ను నాది" అంది నాకు మాత్రమే వినబడేలా. "వచ్చినప్పుడు పన్ను చూపియ్యనీకె కొంగు తియ్యలే. మాట్లాడినా కొంగే, నీళ్లు తాగినా కొంగే."

"మరి పలకరించరాదు?"

"నన్నెప్పుడు మూతికి మాస్కు లేకుంట చూడలే. ఎవల్నో అనుకుంటున్నది."

"అందుకే చెప్పాలె గద. నేనే ఫలానా అని."

"వద్దు సేటూ. చెప్తే గుర్తుకొస్తది. గుర్తుకొస్తే మల్ల కొంగు అడ్డం పెట్టుకుంటది."

మానుకోట వచ్చేదాకా ఆమె వాళ్ల నవ్వు వింటూ కూర్చుంది. ఆ భాష ఆమెకు ఒక్క ముక్క రాదు. నేనైతే అంత మంచి పని చేసి, చేసినట్టు చెప్పకుండా రైలు దిగడం ఏం వ్యాపారమని లోలోపల విసుక్కున్నాను. దుకాణానికి బోర్డు లేనట్టే కదా. దిగేటప్పుడు మాత్రం నేను కూడా ఆ తండా ఆమె వైపు ఒకసారి తిరిగి చూశాను. ఏ పన్నో పోల్చుకోలేకపోయాను.

కొన్నేళ్లకు మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదని గది ఖాళీ చేసింది. తాళం చెవి ఇస్తూ కిటికీ వైపు చూపించి, "మల్ల డబ్బాలు పెట్టకు" అంది. నేను పెట్టాను. సరుకు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

*

మర్నాడు మానుకోట కుర్చీలో మళ్లీ పడుకున్నాను.

"ఏమనుకున్నరు సార్? పొర ఏద్దామా?"

"పాతది ముట్టకుంట, పోయిన మూల వరకే అతికిస్తవా బిడ్డా?"

"గీత కనబడతది సార్."

"కనబడనీ."

"రంగు కలుస్తదో లేదో."

"కలవకుంటే మానె."

"మల్ల పలిగితే?"

"మల్లొస్త. అప్పుడు గూడ పలిగిందాని వరకే."

నన్ను వింతగా చూశాడు. పిసినారితనం అనుకున్నాడేమో. బేరాలన్నిట్లో నేను సరుకు ఎక్కువ రాబట్టాలని చూసినవాణ్ణే. తక్కువ చెయ్యమని బతిమాలింది ఇదే. ధర సంగతి ఇద్దరమూ మరచిపోయాం. దూది పెట్టేముందు నేనే ఆపి, "జర కిటికీ దగ్గర రంగు చూస్తవా?" అన్నాను. చేతి గ్లౌజులు తీసి, నా భుజం పట్టుకుని లేపి, వానాకాలపు వెలుతురు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఇప్పుడు నా ముందు పంటి మీద వెంట్రుక వాసి గీత ఉంది. నాలుకకు తెలుస్తుంది. గీతకు ఇవతల నేను, నన్ను ఆనుకుని ఆమె, అవతల ఆ అబ్బాయి. భూపాలపల్లి తమ్ముడికి నేను చెప్పిన ‘ఉన్నది’ అనే మాట నిలబడింది.

నూకంత ముక్క మాత్రం చొక్కా జేబులో జనగామ వచ్చింది. పెండ కోసం చూశాను, మా బజారులో ఇప్పుడు దొరకదు. దుకాణంలో కొత్త తాను విప్పి, మూల మీద గోరంత గుడ్డ కత్తెరతో కత్తిరించాను. మీటరు లెక్క తప్పుతుందని నా భార్య అటు నుంచి చూస్తూనే ఉంది. ముక్కను అందులో చుట్టి, పైగదిలోకి వెళ్లి, కిటికీకి అడ్డంగా ఉన్న మూటలు ఒక్కొక్కటే పక్కకు జరిపాను. రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. తోస్తే తెరుచుకున్నాయి.

కింద పెరట్లో అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెకు ఇప్పుడు పళ్లు లేవు, ఏళ్ల లెక్కా లేదు, చూపు మాత్రం ఉంది. నన్ను కిటికీలో చూసింది.

"ఏందిరా, ఏం ఎయ్యబోతున్నవ్?"

"పన్ను."

"ఎవలది?"

"డాక్టరమ్మది" అన్నాను. ఆమె పోయిన సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని కప్పు వైపు చూసింది.

"దూరం ఎయ్యకురా. పాపం, మొన్న ఎంత ఎతికిందో. కిటికీ కాడనే పెట్టు, దొరుకుతది."

అమ్మ చెప్పిన చోటే పెట్టాను. మూటలు మళ్లీ కిటికీకి అడ్డం జరపలేదు.